గొడ్డలి నుంచి గొలుసు రంపం దాకా - చెట్టు కోసేవారి చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక్కొక్క శాఖ నుంచి విశ్రాంత ఉద్యోగులు తమ పనిముట్ల చరిత్ర వ్రాయాలని కార్యవర్గం వారు కోరారు. సర్వే శాఖ మిత్రులకు గొలుసు అంటే భూమి కొలిచే గొలుసు. 1974 నుంచి 2008 దాకా అటవీ శాఖలో పనిచేసిన నాకు గొలుసు అనగానే చెట్టు కోసే రంపపు గొలుసు గుర్తుకు వస్తుంది. దాన్నే కొందరు చైన్ సా అంటారు, కొందరు పవర్ రంపం అంటారు. మన వీధుల్లో చాలామంది ఉత్త 'కటింగ్ మిషను' అంటారు. ఈ రోజు వేసవి చివర కరెంటు తీగల క్రింద కొమ్మలు కొట్టేటప్పుడు, తుపాను వెలిసిన మర్నాడు రోడ్డు మీద, దాని మోత వినని వారుండరు. అయితే అది ఎక్కడ పుట్టింది, దాన్ని పట్టుకున్న మనిషి ఎట్లాంటి కష్టాలు పడతాడు అన్నది శాఖ వెలుపల తెలిసినవారు తక్కువ.

ఈ చరిత్ర చదివినకొద్దీ నాకు ఒక సంగతి స్పష్టమైంది. పనిముట్టు మారిన ప్రతిసారీ ముందుగా పని వేగం పెరిగింది. పనివాని క్షేమం మాత్రం చాలా ఏళ్ళు ఆలస్యంగా, వెనుక నుంచి నడిచి వచ్చింది. ఆ ఆలస్యంలో పోయిన కాళ్ళు, చేతులు, ప్రాణాలు ఏ కొలత పుస్తకంలోనూ ఎక్కలేదు.

గొడ్డలి, ఇద్దరు లాగే రంపం

మన ప్రాంతంలో అడవులకు ప్రభుత్వ పాలన 19వ శతాబ్దంలో వచ్చింది. చెన్నపట్నం రాష్ట్రంలో 1856లో డాక్టర్ క్లెగ్‌హార్న్ అటవీ కన్సర్వేటరుగా నియమితులయ్యారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రైలు మార్గాలకు స్లీపరు దుంగలు, వంతెనలకు, ఓడలకు, ఇళ్ళకు కలప కావలసి వచ్చింది. అంత కలపనూ మనుషులు చేతులతోనే కోశారు.

గొడ్డలి మన రైతు ఇంట్లోనూ ఉండేదే. కాని కలప కోతకు గొడ్డలితో ఒక నష్టం ఉంది. మోకాటి ఎత్తున కొడితే మొదట్లో ఉన్న మేలైన కలప అంతా మొద్దులోనే మిగిలిపోతుంది. పైగా గంటు వెడల్పుగా తీయాలి కాబట్టి ఎంతో చెక్క పేళ్ళుగా ఎగిరిపోతుంది. టేకు వంటి విలువైన చెట్టులో ఆ నష్టం తక్కువది కాదు. అందుకే నేల మట్టానికి దగ్గరగా, ఇద్దరు లాగే రంపంతో కోయించాలని శాఖలో పై అధికారులు చెబుతూ ఉండేవారు.

ఆ రంపానికి రెండు కొసలా రెండు పిడులు. ఇద్దరూ ఎదురెదురుగా గొంతుక్కూర్చుని ఒకరి తర్వాత ఒకరు లాగాలి. ఇక్కడ 'లాగాలి' అన్న మాట ముఖ్యం. తోశారంటే రంపం వంగుతుంది, పట్టేస్తుంది. ఒకరు లాగుతుంటే రెండోవారు చేతులు వదులుగా ఉంచాలి. అలవాటు లేని జంట అరగంటలో అలిసిపోయి పోట్లాడుకునేవారు. అన్నదమ్ములో, బావ బావమరుదులో అయిన జంట పొద్దుటి నుంచి అంబలి వేళ దాకా మాట లేకుండా కోసేవారు. పళ్ళకు పదును పెట్టడం, ఒక పన్ను అటు, ఒక పన్ను ఇటు వంచడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఆకురాయి పట్టగలిగిన మనిషికి కూపులో ప్రత్యేక గౌరవం ఉండేది.

దుంగను పలకలుగా కోయడానికి వేరే రంపం. గొయ్యి త్రవ్వి, దాని మీద దుంగ ఎక్కించి, ఒకడు పైన నిలబడి, ఒకడు గోతిలో నిలబడి కోసేవారు. పైవాడు గీత చూసుకోవాలి. క్రిందివాని కళ్ళలో, ముక్కులో రోజంతా రంపపు పొట్టు పడేది. కోత మిషన్లు వచ్చాక ఈ పని మెల్లగా కనుమరుగైంది.

ఆసుపత్రిలో పుట్టిన గొలుసు రంపం

ఇక గొలుసు రంపం సంగతి. ఇది మొదట పుట్టింది అడవిలో కాదు, వైద్యుల చేతుల్లో అంటే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. 18వ శతాబ్దం చివర స్కాట్లండులో జాన్ ఎయిట్‌కెన్, జేమ్స్ జెఫ్రీ అనే వైద్యులు ఎముక కోయడానికి సన్నని పళ్ళ గొలుసును చేత్తో లాగే రంపంగా వాడారు. కాన్పు కష్టమైన తల్లులకు కటి ఎముకల నడుమ కోయవలసి వచ్చినప్పుడు కూడా దీని ఉపయోగం ఉండేది. మత్తు మందు లేని రోజులవి. తర్వాత సుమారు 1830 ప్రాంతంలో జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనె, పిడి త్రిప్పితే గొలుసు తిరిగే ఎముకల రంపం తయారుచేశారు.

చెట్టు కోతకు తిరిగే గొలుసు పనికివస్తుందన్న ఆలోచన అమెరికాలో, కాలిఫోర్నియా మహావృక్షాల దగ్గర వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోకు చెందిన శామ్యూల్ బెన్స్ 1905లో అంతు లేని గొలుసు రంపానికి పేటెంటు పొందారు. కాని చేతుల్లో పట్టుకొని అడవిలో తిరగదగ్గ యంత్రం జర్మనీలో తయారైంది. 1926లో ఆండ్రియాస్ స్టిల్ కరెంటుతో నడిచే రంపం తెచ్చారు. అడవిలో కరెంటు ఎక్కడిది? 1927లో ఎమిల్ లెర్ప్ పెట్రోలుతో నడిచే రంపాన్ని తురింగియా ప్రాంతంలోని డోల్మార్ కొండ మీద పరీక్షించి, తన యంత్రానికి ఆ కొండ పేరే పెట్టుకున్నారు. దాని బరువు 58 కిలోలు. ఇద్దరు మోయాలి, ఇద్దరే కోయాలి. స్టిల్ పెట్రోలు రంపం 1929లో వచ్చింది.

రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత తేలికైన లోహాలతో ఇంజన్ల బరువు తగ్గింది. 1950లో ఒక్క మనిషే పట్టుకొని కోయగలిగిన 16 కిలోల యంత్రం స్టిల్ నుంచి వచ్చింది. 1959లో స్వీడనుకు చెందిన హస్క్‌వర్నా తన మొదటి గొలుసు రంపం తెచ్చింది. ఇప్పుడు సాధారణంగా వాడే మిషను బరువు 5, 6 కిలోలే.

ఈ కథలో ఒక పురుగు కూడా ఉంది. తొలినాటి గొలుసు పళ్ళు చేతి రంపం పళ్ళలాగే ఉండేవి. చెక్కను గీకేవి, తొందరగా మొండివయ్యేవి. అమెరికాలో ఆరిగన్ రాష్ట్రపు కలప పనివాడు జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ 1946లో ఒక మొద్దులో చెక్క తొలిచే పెంకు పురుగు పిల్లను శ్రద్ధగా చూశారు. అది కుడికీ ఎడమకీ మార్చి మార్చి, నిలువూ అడ్డమూ లేకుండా ఇష్టం వచ్చిన వైపు చెక్కను తొలుచుకుంటూ పోతోంది. ఆ దవడల ఆకారంలోనే ఉక్కు పళ్ళు చేసి 1947లో అమ్మకానికి పెట్టారు. ఈనాడు మన బజారులో దొరికే గొలుసు పన్ను కూడా ఆ వంశానిదే. గొడ్డలి పట్టినవాడు ఆ పురుగును నలిపి పారేసి ఉండేవాడు. ఆయన కూర్చుని చూశారు.

తెల్లబడిన వేళ్ళు

మిషను తేలికయ్యాక ఒక్కొక్క మనిషి రోజంతా దాన్ని పట్టుకోవడం మొదలైంది. అప్పుడు బయటపడింది అసలు బాధ. ఇంజను అదురు చేతుల్లోకి ఎక్కి, కొన్నేళ్ళకు వేళ్ళ రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయి. చలి వేళ వేళ్ళు సుద్దలాగా తెల్లబడి, స్పర్శ పోయి, చొక్కా గుండీ కూడా పెట్టుకోలేరు. జపాన్‌లో 1960 దశకంలో జాతీయ అడవుల కార్మికుల్లో ఈ జబ్బు పెద్ద సమస్యగా ముందుకు వచ్చింది. ఆ కార్మికుల ఆందోళన ఫలితంగా మనిషికి రోజుకు 2 గంటలకు మించి రంపం వాడకూడదన్న ఒప్పందం అక్కడ కుదిరింది. అదురు తగ్గించే రబ్బరు బిగింపుల పిడులు 1960 దశకంలోనే వచ్చాయి.

రెండో ప్రమాదం ఎదురుతన్ను. రంపపు పట్టీ కొసలో పైభాగం దేనికైనా తగిలితే మిషను ఒక్క క్షణంలో మనిషి ముఖం మీదికి ఎగిరి వస్తుంది. గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతూ ఉంటుంది, అంటే గంటకు 70 కిలోమీటర్ల పైచిలుకు. రెప్ప వేసే వ్యవధి కూడా దొరకదు. ఇట్లా ఎగిరినప్పుడు గొలుసును తక్షణం ఆపే బ్రేకు 1970 దశకం మొదట్లో వచ్చింది. లెర్ప్ కొండ మీద మిషను నడిపింది 1927లో. అంటే నడుమ 40 ఏళ్ళకు పైగా గడిచాయి. నేను మొదట చెప్పిన ఆలస్యం ఇదే.

మన కూపుల్లో

నేను ఉద్యోగంలో చేరిన 1974లో మా రేంజిలో ఒక్క మిషను కూడా లేదు. 1975లో రాష్ట్ర అటవీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఆ రోజుల్లో పని అంటే మార్కింగు సుత్తితో ముద్ర వేయడం, చుట్టుకొలత తీయడం, నెంబరు వ్రాయడం, తర్వాత గొడ్డలి, రంపం. కోతవారికి కొలత లెక్కన కూలి. వాన పడితే కూలి లేదు, జ్వరం వస్తే కూలి లేదు.

వారిలో ఒక పెద్దాయన ఉండేవారు. చదువు లేదు. చెట్టు దగ్గరికి పోగానే గొడ్డలి దించడు. ముందు చుట్టూ ఒకసారి తిరుగుతాడు. తల ఎత్తి చూస్తాడు. గొడ్డలి మడమతో మొదట్లో కొట్టి చెవి పెడతాడు. లోన డొల్ల ఉంటే మోత తెలుస్తుందట. "ఎందుకు తాతా ఇంత సేపు?" అని కొత్తలో అడిగాను. "బాబూ, చెట్టు ఎటు పోతానంటుందో అడగాలి గదా. మనం అటే పంపాలి. కాదంటే మన మీదికే వస్తది" అన్నాడు. తర్వాత నేను చదివిన ఇంగ్లీషు పుస్తకాల్లోని పాఠం అంతా ఆ రెండు ముక్కల్లో ఉంది.

1980 దశకంలో ఒక సంఘటన చెప్పాలి. పక్కకు వాలిన ఒక చెట్టును పట్టా భూమిలో ఒక కాంట్రాక్టరు మనుషులు కోస్తున్నారు. కోత సగం కాకముందే చెట్టు నిలువునా చీలి, వెనుక సగం గాలిలోకి లేచి కోతగాని తొడ మీద పడింది. అట్లా వాలిన చెట్టు లోపల వింటి బద్దలాగా బిగిసి ఉంటుంది. ప్రాణం నిలిచింది గాని కాలు తీసేశారు. నష్టపరిహారానికి 1923 నాటి చట్టం అప్పటికే ఉంది. కాని ఆ కాంట్రాక్టరు మస్టరు రోలులో ఇతని పేరే లేదు. పేరు లేనివాడు పనిలో ఉన్నట్టు రుజువేమిటి? చూసినవారు సాక్ష్యం చెప్పడానికి జంకారు, రేపటి కూలి వాళ్ళకూ కావాలి గదా. నేను పదవీ విరమణ చేసే నాటికి అతను కర్ర సాయంతో మేకలు కాస్తున్నాడు. ప్రతి నెలా ఒకటో తారీకున బ్యాంకులో పెన్షను జమ అయినప్పుడు మనకు కలిగే నిశ్చింత ఎంత విలువైనదో నాకు తెలిసింది ఆ మనిషిని చూసే.

1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీం కోర్టు ఉత్తర్వుతో, ఆమోదించిన వర్కింగ్ ప్లాను లేకుండా అడవుల్లో కోత ఆగిపోయింది. అడవి వెలుపల మాత్రం సరుగుడు, సుబాబులు, జామాయిలు తోటలు పెరిగాయి. మిషన్లకు పని అక్కడ దొరికింది. 2000 తర్వాత చవక రకాలు హార్డ్‌వేరు దుకాణాల్లోకి వచ్చాయి. దుకాణం వాడు ఆయిలు ఎంత కలపాలో చెబుతాడు. ఎట్లా నిలబడాలో చెప్పేవాడు లేడు.

రోజువారీ ఇబ్బందులు

చూసేవారికి మిషను పెట్టగానే చెట్టు పడినట్టు కనిపిస్తుంది. వాస్తవానికి పని అంతా దానికి ముందూ, వెనుకా ఉంది.

మొదటిది పదును. కోత నుంచి చిన్న చిన్న పేళ్ళు రాలితే గొలుసు పదునుగా ఉన్నట్టు, మెత్తని పొడి రాలితే మొండి అయినట్టు. మొండి గొలుసుతో కోసేవాడు మిషనును బలంగా నొక్కుతాడు, నొక్కినవాడు అదుపు తప్పుతాడు. రోడ్డు ప్రక్క చెట్లలో బోర్డులు కొట్టిన మేకులు, చుట్టిన తీగలు, బెరడులో దుమ్ము, ఇసుక ఉంటాయి. ఒక్క మేకు తగిలితే అరపూట పని ఆకురాయికే సరిపోతుంది. చింత చేవ సంగతి ఇక చెప్పనక్కరలేదు.

రెండవది చమురు. ఇంజనుకు పెట్రోలులో వేరే ఆయిలు పాలు చూసి కలపాలి. గొలుసుకు వేరే నూనె కారుతూ ఉండాలి. ఆయిలు తగ్గితే ఇంజను పట్టేస్తుంది. ఆ రోజు కూలి బాగుచేసేవాడికి పోతుంది.

మూడవది చెట్టును పడదోసే పద్ధతి. పడవలసిన వైపు చెట్టు లావులో నాలుగో వంతుకు మించకుండా, తెరిచిన నోరులా ఒక గంటు తీయాలి. తర్వాత వెనుక నుంచి, గంటు అడుగు కంటె కొంచెం పైగా కోత పెట్టాలి. రెండూ కలవకూడదు. నడుమ లావులో పదో వంతు మందాన చెక్క నిలవాలి. తలుపుకు మడతబందు ఎట్లాగో చెట్టుకు ఆ చెక్క అట్లా. దాని మీద తిరిగి చెట్టు మెల్లగా వాలుతుంది. తొందరపడి దాన్ని కూడా కోసేస్తే చెట్టు ఎటు పడుతుందో దేవుడికే తెలియాలి. చెట్టు ఎత్తుకు రెండింతల దూరంలో మరొకరు ఉండరాదు. తప్పుకునే దారి ముందే నరికి శుభ్రం చేసుకోవాలి.

నాల్గవది చిక్కు. పడే చెట్టు ప్రక్క చెట్టు కొమ్మల్లో ఆగిపోవడం. దాని క్రిందికి వెళ్ళి కోయడం, మోస్తున్న చెట్టును కోయడం, ఎక్కి ఊపడం, ఇవన్నీ మృత్యువును పిలవడమే. మోకు కట్టి దూరం నుంచి లాగించాలి. ఇవి కాక తేనెతుట్టెలు, ఎర్ర చీమల గూళ్ళు, తొర్రలో పాములు, పైన కరెంటు తీగలు. చెట్టెక్కి కొమ్మ కోసేవాడికి, కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అన్న సామెత ఉత్త సామెత కాదు.

గొలుసు తగిలినా నారలు చుట్టుకొని దాన్ని ఆపేసే ప్రత్యేక పంట్లాములు ఉన్నాయి. మన మే నెల ఎండలో అవి వేసుకొని పనిచేయడం కష్టమే, కాదనను. అందుకని లుంగీతో, చెప్పులతో కోయడం సరి కాదు. పొద్దుటి చల్లదనంలో కోత ముగించుకొని, ఎండ వేళ ముక్కలు సర్దుకోవడం మేలు.

తుపాను మర్నాడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. నగరంలో అసంఖ్యాకంగా చెట్లు కూలాయి. గొడ్డళ్ళతో అయితే రోడ్లు తెరుచుకోవడానికి ఎన్ని రోజులు పట్టేదో ఊహించలేము. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానం కొబ్బరి తోటలు నేలకూలాయి. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో సుడిగాలి వేలాది చెట్లను ఒక్కసారిగా పడగొట్టింది.

కూలిన చెట్టుకు ఇంకేం భయం అనుకుంటారు. నిలబడ్డ చెట్టు కంటె పడ్డ చెట్టే ప్రమాదం. వంగి బిగిసిన కాండంలో ఒక వైపు చెక్క సాగి ఉంటుంది, మరో వైపు నొక్కుకొని ఉంటుంది. ఏ వైపు ముందు కోయాలో తెలియకపోతే రంపం పట్టేస్తుంది, లేదా దుంగ ఎగిరి తంతుంది. వేళ్ళతో సహా లేచిన చెట్టును మొదట్లో కోస్తే మట్టితో ఉన్న వేరు గడ్డ ఒక్కసారిగా వెనక్కి గోతిలో పడుతుంది. ఆ గోతి ప్రక్కన పిల్లలను నిలబడనివ్వకూడదు. కొబ్బరి, తాటి చెట్లకు గట్టిదనం వెలుపలి భాగంలో ఉంటుంది, లోపల మెత్తన. మడతబందు చెక్క వాటిలో నమ్మకంగా నిలవదు కాబట్టి మోకు తప్పనిసరి.

చెట్టు లోపలి సంగతి

గొలుసు రంపం చెట్లను కూల్చడానికే కాదు, అర్థం చేసుకోవడానికి కూడా పనికివచ్చింది. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో 1959 నుంచి వేలాది చెట్లను నిలువునా కోసి లోపల పరిశీలించారు. చెట్టు గాయాన్ని మన చర్మంలాగా మాన్పుకోదని, దాని చుట్టూ గోడలు కట్టి కుళ్ళును అక్కడే ఆపుతుందని ఆయన చూపించారు. కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఒక కంకణం ఉంటుంది. దాన్ని వదిలి, దాని వెలుపల కోయాలి. కాండానికి ఆనించి నున్నగా కోస్తే చూడ్డానికి బాగుంటుంది గాని చెట్టు ఆ గోడ కట్టుకోలేక లోపల కుళ్ళుతుంది. పొడవైన మొండెం వదిలినా చెరుపే.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు అన్నారు పెద్దలు. లేత చెట్టుగా ఉన్నప్పుడు చేతి కత్తితో అడ్డ కొమ్మ తీసేస్తే, ఇరవై ఏళ్ళ తర్వాత మిషను తీసుకొని ఎవరూ పైకి ఎక్కనక్కరలేదు.

మన ఇంటి ముందు

పెన్షనర్ మిత్రులలో చాలామంది ఇళ్ళలో ఒక వేపో, మామిడో, కొబ్బరో ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు కోతవాణ్ణి పిలవక తప్పదు. 2002 నాటి వాల్టా చట్టం మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. చెట్టు కొట్టే ముందు అనుమతి అవసరమో కాదో కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. తీగలు దగ్గరలో ఉంటే కరెంటు వారికి చెప్పి సరఫరా ఆపించండి. వచ్చిన మనిషి ముందు చెట్టు చుట్టూ తిరిగి చూస్తున్నాడా, మోకు తెచ్చాడా, కాళ్ళకు బూట్లు, కళ్ళకు అద్దాలు ఉన్నాయా చూడండి. మిషనును భుజానికి పైన, ఒంటి చేత్తో పట్టేవాడైతే మర్యాదగా వద్దని చెప్పండి. బేరం ఆడేటప్పుడు రెండు వందలు తగ్గించి, "గంటలో అవగొట్టు" అని తొందర పెట్టకండి. ఆ తొందరే మడతబందు చెక్కను కోయిస్తుంది.

మరొక్క మాట. ఆ మనిషి పేరు, ఊరు అడిగి ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. రోజంతా మన ఇంట్లో పనిచేసిన మనిషికి రేపు ఏదైనా జరిగితే, ఇక్కడ పనిచేశాడని చెప్పే రుజువు అదొక్కటే కావచ్చు. సర్వీసు రిజిష్టరులో ఒక్క ఎంట్రీ లేకపోతే ఏమవుతుందో మన సంఘంలో ఎవరికీ చెప్పనక్కరలేదు.